దయ్యాల క్యాసెట్ మీద నా నివేదిక

ముప్పై ఒక్క ఏళ్ళు నేను ప్రభుత్వ పాఠశాలల్లో సంగీతం మాస్టారుగా పనిచేశాను. అన్నేళ్ళలో ప్రభుత్వం నన్ను సంగీతం గురించి అభిప్రాయం అడిగింది ఒక్కసారే. మిగతా కాలమంతా జనాభా లెక్కలు రాశాను, ఎన్నికల పెట్టెలు మోశాను. మంత్రిగారు వస్తే పిల్లలతో స్వాగతగీతం పాడించాను, రాకపోతే వాళ్ళను ఎండలోంచి నీడలోకి తీసుకుపోయాను. ఆ ఒక్కసారి అడిగినప్పుడు నేను ఏం చెప్పానో, దానివల్ల ఎవరి ఉద్యోగం పోయిందో ఇప్పుడు రాస్తున్నాను. ఈ మధ్య కొత్తగా కొలువుల్లో చేరిన మీలాంటి వాళ్ళకు పనికొస్తుందేమోనని తప్ప గొప్ప కోసం కాదు. గొప్ప చెప్పుకోదగ్గ భాగం ఇందులో ఎక్కడన్నా కనబడితే మీరే నాకు తెలియజేయండి.

ఎనభైల చివరి మాట. అప్పుడు గద్వాలలో బాలికల పాఠశాలలో ఉన్నాను. ఒకరోజు ప్రార్థన అవ్వగానే మా హెడ్మాస్టరుగారు పిలిచి చేతిలో కాగితం పెట్టారు. వనపర్తిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో "అభ్యంతరకరమైన సంగీతం" వినిపించినందుకు విచారణ జరుగుతోందనీ, సంగీత నిపుణుడి హోదాలో నేను హాజరు కావాలనీ దాని సారాంశం.

"నువ్వు నిపుణుడివని నాకు తెల్వదే" అన్నారు హెడ్మాస్టరుగారు.

నాకూ తెలియదు. కానీ సర్కారు రాసిందంటే నిజమే అయ్యుండాలి కదా. మంచి చొక్కా తొడుక్కుని, పెబ్బేరులో బస్సు మారి వనపర్తి చేరాను.

కమిటీలో ముగ్గురం. అధ్యక్షుడు పాలమూరు నుంచి వచ్చిన అధికారి. ఎప్పుడూ వాచీ చూసుకుంటూ ఉండే మనిషి. రెండో ఆయన నాగర్‌కర్నూల్‌లో రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. పాట ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆయన, పాట కాబట్టి నేను. 

సంగతి ఏమిటంటే, ఆ హాస్టల్ బాధ్యత చూసుకునే ఫిజిక్స్ లెక్చరర్ ఒక సాయంత్రం తన గదిలో టేపు రికార్డరు పెట్టుకుంది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. సొంతూరు గోపాల్‌పేట, వ్యవసాయదారుల కుటుంబం, హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివి వచ్చింది. ఆ పాట మోగుతుండగా వరండాలో నడుస్తున్న కోడేరు పిల్ల ఒకతి కళ్ళు తిరిగి పడిపోయింది. తెల్లారేసరికి ఊళ్ళో దయ్యాల పాట అని పుకారు పుట్టింది. తల్లిదండ్రుల తరఫున ఒక పెద్దమనిషి ఫిర్యాదు రాశాడు. ఆయనకు ఆ హాస్టల్లో కూతురు లేదు. ఆయన అక్కడికి బియ్యం, పప్పులు సరఫరా చేసే వ్యాపారి.

సీలు వేసిన కవరు చింపి క్యాసెట్ బయటికి తీశారు. నల్లటి అట్ట. దాని మీద అక్షరాలు తుమ్మకంప కుప్ప పోసినట్టున్నాయి. ఇంగ్లీషు లెక్చరర్ కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు, అట్టను తలకిందులుగా తిప్పి చూశారు, చివరికి "ఇది ఇంగ్లీషు కాదు" అని ఒక అభిప్రాయం ఇచ్చి పక్కన పెట్టారు. ఐరోపాలో ఎక్కడో నలుగురు కుర్రవాళ్ళు చేసిన మొదటి రికార్డు అది. రికార్డు నుంచి ఎవరో క్యాసెట్ చేసుకుంటే, దాన్నుంచి ఇంకెవరో చేసుకుంటే, అట్లా చేతులు మారి హైదరాబాదు హాస్టల్లో ఈమెకు అందింది. ఇప్పుడు దాన్ని ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంటారట. అప్పుడు ఆ సంగీతం పుట్టి ఇంకా పాకే వయసులోనే ఉంది. వనపర్తి దాకా పాకింది పాపం.

ఆఫీసు టేపు రికార్డరులో పెట్టి నొక్కారు. మొదట గాలి శబ్దం, గంటలు. తర్వాత ఒక్కసారిగా మొత్తం మీద పడింది. అధ్యక్షుడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"మిషన్ ఖరాబయిందా ఏందయ్యా?"

గుమాస్తా పరుగున వచ్చి క్యాసెట్ తీసి, దూదితో టేపు రికార్డరు లోపల తుడిచి, మళ్ళీ పెట్టాడు. కాసేపు విని, "మిషన్ మంచిగనే ఉంది సార్. పాటే గట్లుంది" అన్నాడు.

ఇంగ్లీషు లెక్చరర్ స్పీకరుకు చెవి ఆనించి కూర్చున్నారు. కొంతసేపటికి తల ఎత్తి, "కర్త లేదు, కర్మ లేదు. అంతా క్రియే" అన్నారు.

అధ్యక్షుడు నా వైపు చూశాడు. నిపుణుడినైనందుకు నేనూ ఏదో ఒకటి అనాలి. "ఇది సంగీతమే కాదు సార్" అన్నాను. పాట మొదలై రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆయన సంతోషంగా రాసుకుని, వాచీ చూసుకుని, లెక్చరరమ్మను పిలిపించాడు.

సన్నగా, పొట్టిగా ఉంది. చేతికి సుద్దముక్క పిండి అంటుకుని ఉంది. పాఠం మధ్యలోంచి వచ్చినట్టుంది. నిపుణుల అభిప్రాయం ఆమెకు చదివి వినిపించారు. ఆమె భయపడలేదు. నన్నే చూసి అడిగింది.

"మొత్తం విన్నరా సారూ?"

"అవసరం లేదమ్మా, తెలిసిపోతది."

"మా పిల్లలు మొదటి పేజీ సదివి వస్తే నేను మార్కులు వెయ్య. ఏం తప్పుందో చెప్పుండ్రి. శ్రుతి తప్పిందా? లయ తప్పిందా? పాట కట్టిన తీరు బాగలేదా? ఏదో ఒకటి చెప్పుండ్రి, నేర్చుకుంట."

చెవుల్లోంచి వేడి బయటికి రావడం నాకు తెలుస్తూనే ఉంది. పదిహేనేళ్ళుగా పిల్లలకు ఇదే ప్రశ్న వేసి బెదిరించే మాస్టారును నేను. ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. క్యాసెట్ ఇంటికి తీసుకుపోయి పూర్తిగా విని, రాతపూర్వకంగా నివేదిక ఇస్తానని అధ్యక్షుణ్ణి అడిగాను.

"వినుడెందుకయ్యా, రాసెయ్యి" అన్నాడాయన. కానీ రాతపూర్వకం అన్న మాట ఆయనకు నచ్చింది. వారం గడువు ఇచ్చాడు.

గద్వాలలో నేను చేనేతవాళ్ళ వాడలో మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. కింద ఇంటి యజమాని గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. రెండో శనివారం, ఆదివారం పగలంతా ఆ క్యాసెట్ విన్నాను. కరెంటు ఉంటే నా టేపు రికార్డరుకు వైరు తగిలించడం, పోతే సెల్లులు వేయడం. పక్కన వయొలిన్ పెట్టుకుని, వాళ్ళ శ్రుతికి తీగలు సరిచేసుకుని, కాగితం మీద గీతలు గీసుకుంటూ విన్నాను. మొదటిరోజు మధ్యాహ్నానికి తలనొప్పి వచ్చింది. సాయంత్రానికి తలనొప్పి కొంచెం తాళంలో పడింది.

యజమాని భార్య మెట్ల దగ్గరికి వచ్చింది. "సారూ, గా పాడెటాయనను ఎవరన్న దవాఖానకు తోల్కపోవాలె. గొంతుల ఏదో ఇరుక్కున్నట్టుంది."

ఆమె వెనకాలే యజమాని వచ్చాడు. ఏమీ అనకుండా గుమ్మంలో కూర్చుని ఒక పాట పూర్తిగా విన్నాడు. రోజంతా చేతులూ కాళ్ళూ వేరువేరు పనులు చేసే మనిషి ఆయన. డప్పుల మోత వైపు వేలు చూపించి, "కొట్టెటోని చెయ్యి మస్తు ఉరుకుతుంది గని సారూ, పోగు తెగ్తలేదు" అన్నాడు.

ఆ మాటతో నేను మళ్ళీ మొదటినుంచి విన్నాను. గొంతును పాటగా వింటే దవాఖానే గతి. దాన్నీ ఇంకో డప్పు అనుకుని వింటే సరిగ్గా దెబ్బ మీద దెబ్బ పడుతోంది. నలుగురూ ప్రాణాలు తీసే వేగంతో పోతూ పోతూ ఒక్క చోట టక్కున ఆగుతారు. అందరూ ఒకేసారి. ఒక్క తీగ కూడా మిగలదు. మా పాఠశాల బృందగానంలో నలభైమంది పిల్లల్ని నేను ఏనాడూ అట్లా ఆపలేకపోయాను. నేను చెయ్యి దించాక కూడా వెనక వరుసలో ఎవరో ఒకరు పాడుతూనే ఉండేవారు.

మూడో పాట అయితే నన్ను కూర్చోబెట్టింది. అది మెల్లగా మొదలవుతుంది. షడ్జం మీద నిలబడి, దాని పక్కనే ఉన్న శుద్ధ రిషభాన్ని తాకి వెనక్కి వస్తారు. ఆ రెండు స్వరాలే, మళ్ళీ మళ్ళీ. పైకి పోతారేమో అనుకుంటాం, పోరు. ఆ ఆపుకోవడంలో ఉంది బరువంతా. నేను వయొలిన్ మీద ఆ రెండు స్వరాలు వాయించి చూసుకున్నాను. చేత కావడం వేరు, అంతసేపు అక్కడే ఆగే ధైర్యం వేరు. 

అట్లాగని వాళ్ళను నెత్తికి ఎత్తుకోలేదు. తప్పులు బోలెడు. ఆ ముందు గాలీ గంటలూ నాటకంవాళ్ళ తెర ఆర్భాటం. మధ్యలో ఒంటరిగా వాయించే గిటారు కుర్రవాడు వేళ్ళు ఉన్నాయి కాబట్టి వాయించాడు, చెప్పడానికేమీ లేదు. రెండు గిటార్లలో ఒకటి వెంట్రుకవాసి శ్రుతి తక్కువ. కింది స్వరాలు పలికే గిటారు ఉందో లేదో దేవుడికే తెలియాలి. రికార్డు చేసినవాడు దాన్ని బురదలో పాతిపెట్టాడు. మూడోది తప్ప పాటలన్నీ ఒకే వేగం కావడంతో అయిదో పాటకు వేగమే తెలియదు. ఇక మాటలు, నాకు అర్థమైన నాలుగింటిలో, సమాధులూ పుర్రెలూ. పదేళ్ళ పిల్లలు చెప్పుకునే భయాలు.

నివేదిక నాలుగు పేజీలైంది. రెండు పేజీల్లో లోపాలు, రెండు పేజీల్లో బలాలు, కింద నా నిర్ణయం: ఇది సంగీతమే, ఎదిగే వయసులో ఉన్న సంగీతం, దీన్ని విని మనిషి పడిపోవడం జరగదు. లోపాల్లో ఆరో పేరా నేను చాలా శ్రద్ధగా రాశాను. "రెండో వైపు చివరి పాటల్లో శ్రుతి, లయ రెండూ క్రమంగా కిందికి జారినవి. వయొలిన్ తీగను సడలించి సరిచూసి నిర్ధారించితిని. ఇది అభ్యాసలోపము." వయొలిన్‌తో సరిచూశానన్న మాటను రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

గడువు రోజున మళ్ళీ వనపర్తి. ముందు ఆ కోడేరు పిల్లను పిలిచారు. 

"పాట విని పడిపోయినవా?" అడిగాడు అధ్యక్షుడు.

"లేదు సార్. పొద్దుగాల్నుంచి ఏం తినలే."

"ఎందుకు తినలే?"

"అన్నంల పురుగులుండె సార్. మూడు దినాలసంది గవే బియ్యం. మేడం వద్దని లెటర్ రాసింది. అయినా గవే వండిండ్రు."

ఇంగ్లీషు లెక్చరర్ అద్దాలు తుడుచుకున్నారు. బయట వరండాలో కూర్చున్న వ్యాపారి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. అధ్యక్షుడు కలం మూసి, ఎంతో సహనంగా అన్నాడు. "బిడ్డా, ఇది పాట మీద విచారణ. బియ్యం మీద కాదు."

ఆ పిల్ల మాటలు రాయకుండానే పంపించేశారు.

తర్వాత నా వంతు. అధ్యక్షుడు నా నివేదిక తిరగేశాడు. మొదటి రెండు పేజీలకు ముఖం విప్పారింది. మూడో పేజీకి ముడుచుకుంది.

"బలాలు అని ఎవడు రాయమన్నడయ్యా నిన్ను?"

"రెండూ ఉన్నయి కాబట్టి రెండూ రాసిన సార్."

"మనకు కావాల్సింది అభ్యంతరం. అది రెండు పేజీలల్ల ఉంది. కడమ రెండు తీసెయ్యి, ఫైలు సన్నగుంటది." ఆగి, వాచీ చూసుకుని, "గద్వాలల్నే ఉంచుమని దరఖాస్తు పెట్టినవు కదా నువ్వు? నా బల్ల మీదనే ఉంది" అన్నాడు.

అరవలేదు, బెదిరించలేదు. ఏదో ఊరి సంగతి అడిగినట్టు అడిగాడు. నేను గుండుసూది లాగి, బలాలూ నిర్ణయమూ ఉన్న రెండు పేజీలు విడదీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. నా చేతులతోనే. మిగిలిన రెండు పేజీల్లో రాసిందంతా నేను నమ్మిందే కదా, అబద్ధం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మీరూ ఎప్పుడైనా ఇట్లా చెప్పుకుంటారు. అప్పుడు మీ జేబు ఒకసారి తడిమి చూసుకోండి.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు టైపు చేశారు. సర్కారులో అంత వేగం నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ రికార్డు కుర్రవాళ్ళు కూడా అందుకోలేరు. "శ్రుతి లయలు లేనట్టుగానూ, అభ్యాసలోపముతో కూడినట్టుగానూ నిపుణులచే నిర్ధారింపబడిన శబ్దములను" హాస్టల్లో వినిపించినందుకు ఆమెను విధుల నుంచి తప్పించారు. అంటే, కుర్రవాళ్ళు సరిగ్గా సాధన చేయనందుకు గోపాల్‌పేట అమ్మాయి ఉద్యోగం పోయింది. గుమాస్తా క్యాసెట్ తిరిగి ఇచ్చి ఆమె దగ్గర రసీదు రాయించుకున్నాడు. "పాటల క్యాసెట్ ఒకటి ముట్టినది." కమిటీ తేల్చలేనిది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

బస్టాండులో నేను పెబ్బేరు బస్సు కోసం నిలబడితే, ఆమె పెట్టె పట్టుకుని గోపాల్‌పేట బస్సుకు వచ్చింది. తప్పుకుపోదామనుకున్నాను. ఆమే దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడన్న మొత్తం విన్నరా సారూ?"

"విన్న."

"ఎట్లుంది?"

ఆ అడగడంలో కోపం లేదు. ఆ క్యాసెట్ గురించి ఆమెతో మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో ఎవరూ దొరకలేదేమో. నేను జేబులోని రెండు పేజీలు, సంచిలో ఉన్న లోపాల పేజీల నకలు తీసి ఇచ్చాను. పెట్టె మీద కూర్చుని మొత్తం చదివింది. మూడో పాట దగ్గర తల ఊపింది. ఒంటరి గిటారు దగ్గర "గది నిజమే" అంది. ఆరో పేరా దగ్గర ఆగిపోయి మళ్ళీ చదివింది.

"సారూ, మీ ఇంట్ల కరెంటు పోయిందా గప్పుడు?"

"పోయింది. సెల్లులు వేసుకుని విన్న."

"పాత సెల్లులా?"

నేను తల ఊపాను.

"శ్రుతి, లయ రెండూ ఒక్కసారే జారినయని మీరే రాసిండ్రు కదా. మనుషులు గట్ల జారరు సారూ. అలసిపోతే చెయ్యి నెమ్మదిగయితది, తీగ శ్రుతి ఎందుకు దిగుతది? సెల్లులు అయిపోతే టేపు మెల్లగ తిరుగుతది. రెండూ కలిసి దిగుతయి. ఇంటర్ మొదటి సంవత్సరం పాఠం."

ఆమె నవ్వింది. నాకు మాత్రం భూమి కొంచెం కిందికి దిగినట్టయింది. ఉత్తర్వులో ఉన్న 'లయ లేదు', 'అభ్యాసలోపం' అన్న రెండు మాటలూ ఆ పేరాలోవే. అబద్ధం లేదనుకున్న నా రెండు పేజీల్లో అసలైన అబద్ధం అదే. పైగా వయొలిన్‌తో సరిచూసి మరీ రాసింది.

పేజీలు మడిచి నా చేతికి ఇచ్చింది. "మంచి మాటలు గూడ రాసిండ్రు. గా గదిల సదవకపోతిరి?"

గోపాల్‌పేట బస్సు వచ్చింది. ఆమె పెట్టె ఎత్తి పైకి అందించాను. ఆ రోజు మొత్తంలో ఆమెకు నేను చేసిన సాయం అదొక్కటే.

గద్వాల చేరాక కొత్త సెల్లులు కొన్నాను. అప్పటికి క్యాసెట్ నా దగ్గర లేదు, అయినా కొన్నాను. నా పాత భజనల క్యాసెట్ ఒకటి మొదట పాత సెల్లులతో, తర్వాత కొత్త సెల్లులతో విన్నాను. పాత సెల్లులతో వింటే దేవుడికి కూడా అభ్యాసలోపం ఉన్నట్టే ఉంది. ఇక ఆగలేకపోయాను. నాలుగు పేజీలూ తిరగరాసి, ఆరో పేరా తప్పని, తప్పు నాదేనని, బలాల పేజీలు ఎవరు చెప్తే ఎట్లా తీశానో, కోడేరు పిల్ల బియ్యం గురించి ఏం చెప్పిందో అన్నీ రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పాలమూరు పంపాను. ఆమెకు ఒక నకలు పంపాను.

జవాబు వచ్చింది. కాకపోతే నేను రాసినదానికి కాదు. నన్ను అచ్చంపేటకు బదిలీ చేశారు. అక్కడి పాఠశాలలో సంగీతం పోస్టు లేదు, చేతిపనుల పోస్టులో నన్ను సర్దారు. రెండేళ్ళు నల్లమల అంచున కూర్చుని పిల్లలకు వెదురు బుట్టలు అల్లడం నేర్పాను. నిజానికి పిల్లలే నాకు నేర్పారు. హాస్టల్లో ఆడపిల్లలు ఒకరోజు పళ్ళాలు పట్టుకుని ఆఫీసు ముందు బైఠాయించారని, బియ్యం మారిందని, సరఫరాదారు పేరు కూడా మారిందని విన్నాను. కొత్త సరఫరాదారు పాతాయన బావమరిది. అధ్యక్షుడు ఘనంగా పదవీ విరమణ చేశాడు. ఆ సభలో ప్రార్థనాగీతం పాడమని నన్నే పిలిచారు. వెళ్ళి పాడాను. అది కూడా రాయాలి కదా.

లెక్చరరమ్మకు మరుసటి ఏడాది నాగర్‌కర్నూల్‌లో అవకాశం వచ్చింది. నా ఉత్తరం పనిచేసిందని చెప్పుకోవాలని నాకూ ఉంది గానీ, కారణం అది కాదు. ఫిజిక్స్ చెప్పేవాళ్ళు దొరకలేదు. తర్వాత పరీక్ష రాసి పర్మనెంటు అయింది.

తొంభైలలో ఒక వేసవిలో, పరీక్ష పేపర్లు దిద్దే శిబిరం నాగర్‌కర్నూల్‌లో పెట్టారు. సంగీతానికి పేపర్లుండవు కాబట్టి కట్టలు కట్టే పని నాకిచ్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె కనబడి, పళ్ళెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. తలలో కొంచెం తెలుపు వచ్చింది. యోగక్షేమాలయ్యాక, ఆ కుర్రవాళ్ళు ఏమయ్యారని నేనే అడిగాను.

"ఇంకా వాయిస్తనే ఉన్నరు సారూ. నాలుగో రికార్డు ఈ నడుమనే దొరికింది. మంచి స్టూడియోల చేసిండ్రు. రెండు గిటార్లు ఒక్క శ్రుతిల ఉన్నయి. కింది గిటారు గూడ ఇనబడతది. డప్పు కొట్టెటోడు గడియారం లెక్క కొడ్తుండు. మీరు రాసిన లోపాలు ఒక్కటి గూడ లేవు."

"మరింకేం, బాగుండాలె కదా?"

ఆమె పప్పు కలుపుతూ కలుపుతూ ఆగి, ముఖం చిట్లించింది.

"ఇననీకి లేదు సారూ."